నూట పద్నాలుగో గుంత

గడ్డపారకు చదువు రాదు గానీ
నేల తెలుస్తది.
ఒక్క పోటుకే చెప్పేస్తది
ఇక్కడ పత్తి ఎన్నేండ్లు నిలబడ్డదో,
ఎప్పటినించి బీడు పడ్డదో,
ట్రాక్టరు ఏ మూల మలుపుకున్నదో.

మా నాయిన దీంతోనే
పేర్లు పలకరాని ఊర్లకు కాలువలు తవ్వొచ్చిండు.
నేను మా ఊర్లోనే తవ్వుతున్న.
వెల్దండ దాటినంక, రోడ్డు పక్క పదమూడెకరాలు.
ఎకరాలు గుంటలైనయి, గుంటలు గజాలైనయి,
నా దాకా వచ్చేసరికి గుంతలైనయి.
గుంతకు యాభై రూపాయలు,
గుంతకొక హద్దురాయి,
రాయి నెత్తిన ఇంత పచ్చరంగు.

పత్తి చేను దిక్కు
పైన బెత్తెడు దుమ్ము, కింద పెంకు.
గడ్డపార టంగుమన్నది
ఖాళీ బిందె మీద గరిటె పడ్డట్టు.
అంజిలమ్మ ఇంత మట్టి తీసి వాసన చూసింది.
"సంచి వాసనే వస్తున్నది" అన్నది.
ఎన్నేండ్లు గడ్డిమందు తాగిందో,
వేరు కుళ్ళక అట్లనే ఎండిపోయింది.
అరవై గుంతలు తవ్వితే
కనబడ్డది ఒక్క చీమ.
అదీ మా సద్ది వెంట వచ్చిందే.

రోలరు తొక్కిన దిక్కు చెప్పను.
అక్కడ పోసిన నీళ్ళు
మా మొహాలు చూసుకుంట నిలబడ్డయి.

నూట పద్నాలుగోది ఈశాన్యం మూల.
పోటు వేసిన.
చప్పుడు లేదు.
గడ్డపార నడుముదాకా మునిగింది,
నేనే ముందుకు తూలిన.

తీసి చూస్తే నల్లటి మట్టి,
పిండి కలిపినట్టు, చేతికి వెచ్చగ.
అండ్ల వంకర తిరిగి పండుకున్న తెల్లటి పేడపురుగు పిల్ల,
చుట్ట చుట్టుకున్న రోకలిబండ,
ఎవరూ వడకని సన్నటి తెల్లనూలు
ఒక కుళ్ళిన పుల్లనించి ఇంకో పుల్లకు.
ఇంక ఎర్రలు. బడిల వానపాములంటరు.
గడ్డపార మొనకు ఒకటి రెండైంది,
రెండు ముక్కలూ ఎగిరెగిరి పడ్డయి.
రెండూ బతుకుతయంటరు.
బతకవు.
తలున్న ముక్క బతుకుతదేమో, అదీ నసీబుంటే.

యాదికొచ్చింది.
తిమ్మన్న ఆముదాలేసే కాలంల
పెంటకుప్ప ఈ మూలనే ఉండె.
వేసవి చివర్ల కుర్మోళ్ళ మంద వచ్చి
మూడు రాత్రులు ఇక్కడ పండేది.
మందకు ఇంతని జొన్నలు కొలిచేది తిమ్మన్న.
మంద పోయింది, కుప్ప పోయింది, తిమ్మన్న పోయిండు.
కింద ఎవరికీ ఈ సంగతి చెప్పినట్టు లేరు,
పని నడుస్తనే ఉన్నది.

రాయి పెట్టినం. ఒరిగింది.
మళ్ళ పెట్టినం. మళ్ళ ఒరిగింది.
"ఎందుకు నిలవదు?" అన్నడు సూపర్‌వైజర్ ప్రదీప్.
"కింద మంది ఉన్నరు సార్" అన్న.
"ఎవరు?"
ఎవరని చెప్పను? ఏ పేరు మీద రాసిస్తరు?
"రెండు తట్టల కంకర, అర బస్తా సిమెంటు" అని
ఫోన్ చెవిన పెట్టుకొని పోయిండు.

సిమెంటు కలిపేలోపు
అంజిలమ్మ గుంతలకు దిగింది.
దోసిళ్ళతోని ఎత్తి ఎత్తి
తట్ట నింపింది, పైన తడిగోనె కప్పింది.
పక్క గుంతల పోద్దామా అన్న.
"అటు నూట పదమూడు,
ఇటు నూట పదిహేను" అన్నది.
నెత్తిన పెట్టుకొని నాలుగు మైళ్ళు నడిచింది.
ఇంటెనక రెండు బారల పుంటికూర మడి మాకు.
అండ్ల గుమ్మరించి, చెయ్యి కడుక్కోకుండనే
కాసేపు కూసున్నది.

ఆ గుంత పైసలు కోసిండు ప్రదీప్,
సిమెంటు ఖర్చని.

మొన్న మృగశిర వానకు
రాయి మళ్ళ ఒరిగిందట, సిమెంటు ముద్దతో సహా.
రేపొద్దుగాల రమ్మన్నడు.
గడ్డపార కడిగి గోడకు ఆనించబోతే
అంజిలమ్మ కేకేసింది:
"అటు కాదు, మడి దిక్కు దాన్ని రానియ్యకు."