గీత పడ్డ చోటు

గ్రీంస్‌పేట మూడో సందులో
మా పక్క పోర్షన్ ఎత్తిరాజులు మామ
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో తీపి కొలిచేవాడు.
గాజు మీద ఒక చుక్క, కంటికి ఒక గొట్టం,
"పదహారు. పోనీ" అంటే డబ్బాకి మూత పడేది.
జూన్ నెలంతా ఆయన చొక్కాకి తోతాపురి వాసన,
ఆ చొక్కా వెనకాలే ఈగలు.

రికార్డు ఆయన కొన్నది కాదు.
బస్టాండు ముందర రష్యా పుస్తకాల వ్యాను ఆగిన రోజు
పది రూపాయల నోటుకి చిల్లర లేదని అంటగట్టినారు.
అట్ట మీద మంచులో మూడు చెట్లు,
తిరగేసిన కుర్చీల్లాంటి అక్షరాలు.
పేరు తెలీదు. కట్టిందెవరో తెలీదు.
మేం దాన్ని "ముగ్గురు" అన్నాం.
"మామా, ముగ్గురిని పెట్టు."

పియానో ఎట్లుంటాదో మా సందులో ఎవరు చూసినారు?
"రేకుల మీద వాన మొదలైతాది చూడు, అది" అన్నాడు.
వయొలిన్ మాకు తెలుసు, కచేరీల్లో ఒదిగి కూర్చుంటుంది.
ఇందులోది లేచి నిలబడి అడిగేది.
మూడోదాన్ని వయొలిన్‌కి పెదనాయన అనేవాడు,
గొంతు సవరించుకోకుండా మాట మొదలుపెట్టడు.
ఎండాకాలం ఓల్టేజి పడిపోతే
ముగ్గురికీ ఒకేసారి నిద్రొచ్చేది.

రెండో పక్క, మధ్యలో, ఒక గీత.
వయొలిన్ ఏదో అడుగుతుంది,
పెదనాయన గొంతు సవరించుకుంటాడు
గొంతు సవరించుకుంటాడు
గొంతు సవరించుకుంటాడు
గొంతు
అప్పుడు నేను ముల్లు మీద వేలు పెట్టాలి. ఈక ఆనినట్టు.
ముల్లు దుమికి అవతల పడేది.
అప్పటికే జవాబు అయిపోయి
వాన ఒక్కటే కురుస్తూ ఉండేది.
తొమ్మిదేళ్లకి అది నా ఉద్యోగం.
జీతం, సీజనుకి ఒక సొట్ట పడ్డ గుజ్జు డబ్బా.

మంచి రోజు ఏదొచ్చినా ముగ్గురూ రావాల్సిందే.
నేను టెన్త్ పాసైన దినం.
నీవాలో నీళ్లొచ్చిన దినం, ఊరంతా వంతెన మీదుంటే
మామ ఒక్కడే ఇంట్లో కూర్చుని పెట్టుకున్నాడు.
నా పెండ్లి పొద్దున, పుత్తూరు మేళగాళ్లు బస్సు దిగకముందే
పెట్టె మోసుకొచ్చి పందిట్లో దించినాడు.
నలుగు పిండి చేత్తోనే పోయి
వేలు ఆనించి వచ్చాను.

తర్వాత తిరుపతి, రుయా ఆసుపత్రి.
డాక్టర్ షమీమ్ రష్యాలో చదివొచ్చినావిడని తెలిసి
అట్టని సంచిలో పెట్టుకుని పోయాను.
ఆమె రౌండ్సు మధ్యలో అద్దాలు పైకెత్తి
కుర్చీలన్నిటినీ సరిగ్గా నిలబెట్టినట్టు చదివింది:
"చనిపోయిన మిత్రుడి జ్ఞాపకానికి."

మామ నన్ను చూశాడు. నేను మామను.
"నీ పెండ్లికి పెట్టినా కదమ్మే!"
ఇద్దరం నవ్వుతుంటే సెలైన్ స్టాండు ఊగింది,
నర్సు వచ్చి కసురుకుంది.
దుప్పటి అంచుతో కళ్లు తుడుచుకుని
"తీపి కొలిచేదానికి నన్ను పెట్టుకున్నారు చూడు"
అన్నాడు.

ఇప్పుడు నా ఫోన్లో అదే దానికి పదకొండు రికార్డింగులు.
ఒకాయన పియానో మీద రైలందుకుంటున్నాడు.
ఒకామె బంగారం అంగట్లో లాగా
ఒక్కో స్వరాన్నీ తూచి, గాలి ఆగేదాకా చూసి, వదుల్తుంది.
ఒక పాతదాంట్లో, పాట మధ్యలో
హాల్లో ఎవరో దగ్గుతారు. బయట ఏం చలో.
ఆ దగ్గు కోసం దాన్ని మళ్లీ మళ్లీ పెడతాను.

ఎందులోనూ గీత లేదు.
వయొలిన్ అడుగుతుంది,
పెదనాయన గొంతు సవరించుకుని
చెప్పేస్తున్నాడు.
ఎనిమిది స్వరాలు, లెక్కపెట్టాను.
గొప్ప మాటేం కాదు. అన్నం తిన్నావా అన్నట్టుంది.
ఇన్నేళ్లూ దాన్ని దాటించింది నా వేలే.

మేడ మీద బట్టలు ఆరేస్తూ వింటాను.
ఆ చోటు దగ్గరకొస్తుంటే
తడి చొక్కా సగం పిండి వదిలేస్తాను,
వేలు గాల్లోకి లేస్తుంది,
ఆనదు.