విరిగిన లావత్తు

మా ప్రెస్సులో కేసంటే
అక్షరాలు నిద్రపోయే అరల పెట్టె.
కుందనవల్లికి కేసంటే శవం.
పద్దెనిమిదేళ్లు ఆ రెండింటి మధ్యా నిలబడి
స్టిక్కులో ఆమెని పేర్చాను.
సీసం కదా, మొదట చూసింది తలకిందులుగానే:
ముందు జరీ కుచ్చిళ్లు, ఆపైన వడ్డాణం,
చిట్టచివర ముక్కెర, దాని మీద దీపం.

కథాకాలం జమీందార్లది.
మూడు లాంతర్లకి ఇంకా ఆముదం పోసే రోజులు.
జట్కాలోంచి ముందు అత్తరు దిగేది, తర్వాత ఆమె.
దివాన్లు లేచి నిలబడేవారు,
ఎందుకు లేచారో వాళ్లకే తెలీదు.
గ్లాసు అంచున తాంబూలం మరక చూసి
"విషం ఎడంచేత్తో పోశారు బాబుగారు" అనేది,
కిళ్లీ మడుస్తూ.
వెల రూపాయిన్నర.
అద్దె షాపులో రోజుకి పదిపైసలు.

ఏడో పుస్తకం నాటికి లావత్తులకి కాళ్లు విరిగాయి.
కొత్తవి మద్రాసు నుంచి రావాలి. ఓనరు రేపన్నాడు.
ఆ రేపు రాలేదు.
ఆమె పేరు ప్రతి పేజీలో కుంటుతూ అచ్చయింది.
బొబ్బిలి నుంచి, పలాస నుంచి కార్డులు:
"ఆ విరిగిన వత్తు క్లూయేనా సార్?"
పన్నెండో పుస్తకంలో రచయిత రాసేశారు:
చిన్నప్పుడు ఏనుగు మీంచి పడిందట,
పట్టుచీర మాటున ఒక కాలు ఈడ్చి నడుస్తుందట.
నా లోపం ఆమె నడకైంది.
ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

అట్ట మీద పేరు భైరవమూర్తి. ఎవరూ చూళ్లేదు.
నెల్లిమర్ల బస్సు కండక్టరు తెచ్చేవాడు కట్ట,
జూట్ మిల్లు జీతాల షీట్ల వెనకవైపు రాసింది.
ఆమె దగ్గర నేర్చిన విద్యే కదా:
కాగితం మూల పసుపు వేలిముద్ర,
మూడో అధ్యాయం మధ్యలో పాలు పొంగిన మరక.
కుచ్చిళ్లు దోపేటప్పుడు పిన్నీసు పళ్ల మధ్య పట్టుకోవాలని
ఏ భైరవమూర్తికి తెలుస్తుంది?
ఎవరికీ చెప్పలేదు.

డెబ్బై తొమ్మిది ఎండల్లో ఒకావిడ వచ్చింది.
పెద్దకర్మ కార్డులు, యాభై చాలు, మొగుడివి.
తెగిన చెప్పుకి పిన్నీసు.
ప్రూఫు ఇచ్చాను.
చెవి వెనక పెన్సిలు తీసి
తప్పు పక్కన సున్నా చుట్టి, దానికి తోక పెట్టింది.
ఆ తోక నాకు తెలుసు.

"నాకేటీ తెలీదమ్మా" అన్నాను,
ఆవిడేం అడక్కుండానే.
ఆవిడ కార్డు మీది పేరు వేలితో తడిమింది:
కొల్లి మల్లేసు.
"ఇరిగినవి ఏసీకు బాబూ,
ఈయన కాళ్లు బాగానే ఉండేవి."

కేసంతా వెతికాను.
నిండైనవి రెండే దొరికాయి.

ఆ నెల బస్సులో కట్ట రాలేదు. ఆపై నెలా.
కుందనవల్లి కోట మెట్ల మీదే ఆగింది,
నూట పదకొండో పేజీ,
"హంతకుడు ఈ గదిలోనే..."
అక్షరాలు అరల్లో వేసెయ్యమంటాడు ఓనరు.
దారం నేనింకా విప్పలేదు.