ఉల్లిపాయలు కావు

అక్టోబరులో తాళంచెవులు చేతికొచ్చాయి.
డండీలో, కొండవాలు మీద, అద్దెయిల్లు.
వెనక నాలుగు మంచాలు పట్టేంత నేల,
తుప్పుపట్టిన బట్టల స్తంభం, తడిసి నల్లబడ్డ మట్టి.
"ఏమీ లేదిక్కడ" అన్నాను ఫోన్‌లో శశికళతో.
ఏమీ లేదని ఎంత తొందరగా అనేస్తాం!

కొత్తిమీర చల్లుదామని పార దించాను
(ఆ చలికి మొలవదని అప్పటికి తెలీదు).
గోధుమరంగు పొరల్లో, ముక్కులు సాగి,
తొమ్మిదో పదో ఉల్లిపాయలు.
కడిగాను. కత్తిపీట లేదు, చాకు తీశాను.
కోయబోతూ వాసన చూస్తే
ఏ ఘాటూ లేదు.
కంట నీరు పెట్టించని ఉల్లిని నేను నమ్మను.
ఇంతలో కంచె అవతల్నించి మోయిరా కేక:
"తినేవు తల్లీ, అవి పూలు!"
సిగ్గుపడి, కుళాయి పక్కన గుంట తీసి
అన్నిటినీ ఒకేచోట కుక్కాను,
తలకిందులో తిన్ననో చూసుకోకుండా.

తర్వాత చీకటి.
చీకట్లో వెళ్లి చీకట్లో తిరిగొచ్చే నెలలు.
ఆసుపత్రి లాండ్రీలో
రోజుకి ఆరొందల దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి
తెలుపంటేనే మొహం మొత్తింది నాకు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున
కంచె మొదట్లో తెల్లగా ఏదో పడుంది.
ఎవరిదో చేతిరుమాలు ఎగిరొచ్చిందనుకుని వంగాను.
స్నోడ్రాప్స్.
తల దించుకుని,
నిద్రపోయేవాళ్ల గదిలోకి వచ్చినట్టు
చప్పుడు చెయ్యకుండా వచ్చేశాయి.
ఇస్త్రీ అక్కర్లేని తెలుపు.
డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యమయ్యాను.

మార్చిలో క్రోకస్‌లు, వంకాయ రంగువీ పసుపువీ.
పిచ్చుకలు పసుపువాటినే పీకి పారేశాయి,
వంకాయరంగు జోలికి పోలేదు.
పిచ్చుకలకీ పట్టింపులుంటాయి.

ఆ తర్వాత డాఫోడిల్స్.
గడపనుంచి బట్టల స్తంభం దాకా
ఒకటే వంకర గీత,
చెయ్యి వణికినవాళ్లు లాగిన ముగ్గులా.
మధ్యలో మూడడుగులు ఖాళీ.
కుళాయి దగ్గర మాత్రం ఒక గుంపు
బస్సు కోసం తోసుకుంటున్నట్టు.

మోయిరా చెప్పింది.
ఇసొబెల్‌కి చూపు మసకబారుతూ వచ్చిందట.
ఆఖరిదాకా మిగిలిన రంగు పసుపట.
బట్టలారెయ్యడానికి తనే వెళ్లాలని పంతం.
అందుకే తన అడుగుల వెంబడే నాటుకుంది.
"ఇప్పుడెక్కడుంది?" అని అడగబోయాను.
మోయిరా టీ కప్పులు తీసుకుని లోపలికెళ్లిపోయింది.

ఏప్రిల్లో సముద్రం మీంచి పొగమంచు దిగింది.
హార్ అంటారిక్కడ.
నాకు హారమనే వినిపించింది.
స్తంభం లేదు, కంచె లేదు, మోయిరా ఇల్లు లేదు.
తీగ మీద నా బట్టలున్నాయి.
ఒక పసుపు, ఇంకో పసుపు, ఇంకోటి,
కాళ్లతో లెక్కపెట్టుకుంటూ నడిచాను.
ఆ మూడడుగుల దగ్గర ఆగిపోయాను.
అక్కడ దారి తెంపింది నేనే.

మన లెక్కన రోహిణి కార్తె,
రోళ్లు పగలాల్సిన రోజులు.
నేను స్వెటర్ వేసుకుని
వాడిపోతున్న ఆకుల్ని చూస్తూ కూచున్నాను.
కొయ్యకూడదట. అవి ఎండేదాకా
కిందున్న గడ్డ తింటూనే ఉంటుందట.

మళ్లీ అక్టోబరు.
ఇల్లు అమ్మేస్తున్నాం, డిసెంబరుకి ఖాళీ చెయ్యమని
ఓనరు ఉత్తరం.
అట్టపెట్టెలు తెచ్చుకోవాల్సిన ఆదివారం
కుళాయి పక్కన తవ్వాను.
తొమ్మిదో పదో పెట్టినవి పద్నాలుగయ్యాయి.
ఖాళీ నిండా పరిచి, ముక్కులు పైకి పెట్టి
మట్టి కప్పాను.
అడుగు దూరం అడుగు దూరంగానే,
కళ్లు మూసుకుని నడిచి చూసుకుంటూ.
మోయిరా చూసింది. ఏమీ అనలేదు.

వెళ్లేరోజు వంటగది కిటికీకి
ఒక కాగితం అంటించాను:
"తోటలోవి ఉల్లిపాయలు కావు."
ఇంగ్లీషులో రాశాను.
కింద, ఎందుకో, తెలుగులో కూడా.