మైనస్ మూడు బంగాళాదుంపలు

నార్వాలో జనవరి. తొమ్మిదవుతున్నా తెల్లారదు.
నది అవతల ఇంకో దేశపు దీపాలు.
ఇవతల, రెండో అంతస్తులో, మా కంప్యూటర్ల గది.
పిల్లలు పద్దెనిమిది మంది. కంప్యూటర్లూ పద్దెనిమిదే.
తొమ్మిదింటిని నేనే ఆపేశాను.

"పాడయ్యాయా టీచర్?" అన్నాడు తావి.
"మీరు పాడవకుండా," అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
మరి ఒక కీబోర్డు మీద ఇరవై వేళ్లు?

నియమం ఒక్కటే:
టైప్ చేసేవాళ్లు సొంత ఆలోచన టైప్ చేయకూడదు.
ఆలోచన చెప్పేవాళ్లు కీబోర్డు తాకకూడదు.
గుడ్లు ఉడికించేటప్పుడు తిప్పి పెట్టుకునే గంట ఒకటి
(మా అమ్మది, కోడిపెట్ట ఆకారం, ముక్కు విరిగింది)
పది నిమిషాలకోసారి మోగుతుంది.
మోగగానే కుర్చీలు మారాలి.

తావి సంగతి నాకు తెలుసు.
పోయిన నెల ఇద్దరి పనీ ఒక్క రాత్రిలో చేసుకొచ్చి
కింద ఉల్యానా పేరు కూడా రాశాడు,
దానం చేసినట్టు.
పద్నాలుగో వరుస ఏం చేస్తుందమ్మా అని అడిగాను.
ఆ పిల్ల కిటికీ వైపు చూసింది.
కిటికీలో ఏమీ లేదు, చీకటి తప్ప.
పూర్తి మార్కులు వేశాను ఇద్దరికీ.
ఆ మార్కులు ఇప్పటికీ గొంతులో ముల్లే.

ఈసారి లెక్క, బడి క్యాంటీన్‌ది.
రేపు భోజనానికి ఎందరొస్తారో, ఎన్ని దుంపలు ఉడకేయాలో
వంటావిడ జినాయిదాకి ముందే చెప్పే ప్రోగ్రాం.

మొదటి తగువు పేరు దగ్గరే వచ్చింది.
దుంపల్ని లెక్కపెట్టే ఆ గడికి
తావి వాళ్లింటి ఎస్తోనియన్‌లో కార్తుల్ అనాలన్నాడు.
కర్తోష్క, అంది ఉల్యానా, వాళ్లమ్మ రష్యన్‌లో.
గంట ఒకసారి మోగింది. ఇంకోసారి మోగింది.
చివరికి ఇద్దరికీ ఒప్పుదలైనంత మేర కోసి
కార్త్ అని ఉంచుకున్నారు.
ఏ భాషలోనూ లేని దుంప అది.

మూడో గంట తర్వాత ప్రోగ్రాం నడిచింది.
జవాబు: మైనస్ మూడు.

జినాయిదా మనకే మూడు దుంపలు బాకీ అన్నమాట,
అంది వెనక వరుసలోంచి లీస్.
గదంతా గొల్లుమంది. తావి చెవులు కందిపోయాయి.

తప్పు నాకు కనిపించింది, రాగానే.
నాలుక చివర నిలబడింది.
ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం ఆ మాట చెప్పడమే.
చేతులు వెనక్కి కట్టుకున్నాను
శిక్ష పడ్డ పిల్లలా.
నేర్పడంలో ఇంత బరువు ఉంటుందని
నాకెవరూ నేర్పలేదు.

"చదువు," అంది ఉల్యానా. "పైనుంచి. గట్టిగా."
తన రాత తనే పైకి చదవడం
వాడికి ఎప్పుడూ పడలేదనుకుంటా.
మొదట గొణిగాడు. "వినిపించట్లేదు," అంది.
గొంతు పెంచాడు.
తొమ్మిదో వరుసలో ఆగాడు.
"ఇక్కడ రానివాళ్లను తీసేస్తున్నాం..."
"నాలుగో వరుసలో తీసేశాంగా."
"తీసేశామా?"
"నేను చెప్పాను. నువ్వే కొట్టావు."

గంట మోగింది. ఎవరూ లేవలేదు.
నేనూ లేవమనలేదు.

తర్వాత నేనో తెలివితక్కువ ప్రశ్న అడిగాను.
"ఎవరు పట్టుకున్నారు తప్పుని?"
"నేను."
"నేను!"
ఇక చూడాలి, రెండు భాషల్లో,
మధ్యలో ఇంగ్లీషు తిట్లు రెండు కలుపుకుని.
పోయిన నెల ఒక్క మాట పలకని పిల్ల
బల్ల మీద అరచేత్తో కొడుతోంది.

మార్కుల పుస్తకం తెరిచాను.
పేరుకో గడి, గడికో మనిషి.
ఆ రెండు పేర్లూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి.
పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో
జినాయిదా నా పళ్లెంలో మూడు దుంపలేసింది.
ఎవరు చెప్పారో ఏమో,
"బాకీ తీరింది," అంది.
కోటు జేబులో కోడిపెట్ట మోగింది.