సీటు కింద చలికాలం

కురుమూర్తి జాతర నుంచి తెచ్చి
రేకుల కింద నిలబెట్టిన్రట.
మూఢం పోయింది, పుష్యం పోయింది,
ఇయ్యాల తీసిన్రు.
ఎల్లుండి మన్యంకొండ.

దేవరకద్ర గేటు దాక తోసి,
రైలు పోయేదాక ఆగి,
మల్ల తోసుకుంట నా షెడ్డుకు
మైకుసెట్టు ఆశన్న, ఆయన తమ్ముని కొడుకు.
ఎనుక నాలుగు బాక్సులు, రెండు హారన్లు,
నోరు కట్టేసిన ఊరేగింపు లెక్క.

"ఏమైతుంది?"
"దగ్గుతుంది."
"ముందలికా, ఎనుకకా?"
నవ్విండు. నేను నవ్వలే.
కార్బొరేటరు దిక్కు తుమ్మితే ఒక రోగం,
సైలెన్సరు దిక్కు పేలితే ఇంకో రోగం.

సీటు లేపిన.
ఈ బండికి గుండె
డ్రైవరు పిర్రల కింద ఉంటది.
ఫిల్టరు డబ్బ ఇప్పితే
పెండ్లి పత్రికలు!
పసుపు మూలలు, కొరికి కొరికి దూదిలెక్క చేసినయ్.
శూన్యమాసం మనకు గాని ఎలుకకు లేదు.
కాపురం పెట్టింది, కన్నది, పెంచింది, పోయింది.
ఆశన్న ఒక ముక్క ఎత్తి పేరు సదివిండు:
"వీళ్ళు నాకింక బాకీనే."

ట్యాంకుల మూడు నెలల పెట్రోలు,
పాత బీరువా తెరిచిన వాసన.
ఒంపేసి కొత్తది పోసిన.
జెట్టు ఊదిన, ఆవగింజ దూరని తొర్ర అది,
అండ్ల బంక.
ప్లగ్గులు మూడు తీసి, రుద్ది, బిగించి
తాళం తిప్పిన.

ఫాట్!

బుధవారం సంతల ఒక బర్రె తలుగు తెంపుకుంది.
ఉల్లిగడ్డ బస్తాల మీద పన్న హమాలీ
లేచి కూసున్నడు, ఎవనినో తిట్టిండు.
దగ్గుకుంట వచ్చిన బండి
నా చేతిల పడ్డంక పేలుతుంది.

ముప్పై ఏండ్ల కింద మబూబ్నగర్ల
మా ఉస్తాదు పానా తోటి నెత్తి మీద కొట్టి నేర్పిండు:
ఏక్, తీన్, దో.
మంట పుట్టే వరుస గది.
మనం లెక్కవెట్టే వరుస గాదు.
గొనుక్కుంట వైర్లు పట్టి చూసిన.
ఏక్. తీన్...
తీన్ ఉండాల్సిన కాడ దో.
ఎలుక మార్చలే. చలి మార్చలే.
అద్దగంట కింద, గీ నల్లటి ఏండ్లే.
ఆశన్నకు ఈపు తిప్పి
సప్పుడు గాకుండ మార్చిన.
పోరడు చూసిండు.
వాడు వైర్లతోనే బతికేటోడు, చూడకుంటడా?
ఏమనలే.

ఈసారి అందుకుంది.
అందుకుంది గాని నిలుస్తలేదు,
జొరమొచ్చిన పిల్లలెక్క వణుకుతుంది,
కాలు తీస్తే ఆరుతుంది.
స్క్రూడ్రైవరు పిడి పండ్ల నడుమ పట్టి
మొన ఇంజనుకు ఆనిచ్చి విన్న.
కుడి చెవు పోయి రెండేండ్లాయె,
ఎవలకు చెప్పలే,
గిరాకి పోతది.
దవడ బొక్క చానా చెప్తది,
వాల్వు సప్పుడు, బేరింగు సప్పుడు,
గాలి సంగతి మాత్రం చెప్పది.

"ఉస్సుమంటుందే, నీ కుడి దిక్కు," అన్నడు పోరడు.
వాడు ఏలు పెట్టిన కాడ
చెంచెడు నీళ్ళు జల్లిన.
గుటుక్కున మింగింది,
ఒక్క గడియ సాఫుగ తిరిగి
మల్ల వణుకు.
అడుగున, గుడ్డి దీపానికి అందని కాడ,
పైపుకు నాలుగు పండ్ల గాట్లు.
పోతపోత ఎలుక చేసిన సంతకం.

జానెడు కొత్త పైపు కోసి తొడిగిన.
సీటు దించి మీద చాయ గ్లాసు పెడితే
చాయ కదిలింది గాని ఒలకలే.
గంతే చాలు, పాత బండి.

"ఎంత?"
పైపు, పెట్రోలు, కూలి చెప్పిన.
"మరి గా పేలుడుకు?"
"దానికి లేదు."
"ఎందుకు?"
పోరని దిక్కు చూసిన.
వాడు పైకెక్కి హారను కడుతున్నడు, ఇననట్టే.

గేటు కాడ మల్ల రైలుకు ఆగిన్రు.
ఆరకుండ నిలబడ్డది బండి.
పోరడు మైకు ఊదిండు, టక్కుటక్కుమని కొట్టిండు.
సంత సంతంతా ఇన్నది.
నాకు ఎడమ చెవుకే వచ్చింది:

"హలో... హలో...
ఏక్...
తీన్...
దో..."