ఒక డిగ్రీ

ఫిన్లాండ్ ఉత్తరాన, నది గడ్డకట్టిన ఊళ్ళో
ఒకప్పటి కాగితం మిల్లు.
గుజ్జు వాసన గోడల్ని ఇంకా వదల్లేదు.
యంత్రాలు పోయినచోట ఇప్పుడు నల్లటి బీరువాలు,
బీరువాల నిండా ఆలోచన.

హిల్క్కా ఇక్కడే ఇరవైరెండేళ్ళు
కట్టల్లోంచి చిరిగిన కాగితాలు ఏరింది.
ఇప్పుడు రాత్రి కాపలా.
చల్లనీళ్ళు లోపలికి వెళ్ళడం, వేడినీళ్ళు బయటికి రావడం
చూస్తూ కూచోవడమే పని.
ఆ వేడి గొట్టాల్లో పడి ఊళ్ళోకి పోతుంది
స్నానాలకి, అంట్లకి, పసివాళ్ళ గదులకి.
ఆలోచించగా మిగిలిన వేడి.
బూడిద మాత్రం ఉండదు.

జనవరి. బయట సున్నాకి ముప్పై ఒకటి కింద.
ఆ రాత్రి బీరువాలకి అప్పజెప్పిన లెక్క
హెల్సింకి నుంచి ఎవరో పంపారు, శుక్రవారంలోగా కావాలట:
ఉండటం మేలా, ఉండకపోవడం మేలా?
తూచి చెప్పండి.

మొదటి మోడల్ బుద్ధిగా తూచింది.
ఒక పళ్ళెంలో పంటినొప్పి, యుద్ధాలు,
దూడని పోగొట్టుకుని మంచులో తిరిగే రెయిన్‌డీర్.
రెండోదాంట్లో ఉప్పు, మొదటి ఎండ,
ఎవరో పేరుపెట్టి పిలవడం.
"మొగ్గు కొద్దిగా ఇటే" అంది.
ఎటో చెప్పడానికి నలభై పేజీలు పట్టింది.

రెండోది అడ్డం తిరిగింది:
పుట్టనివాడు ఏడవడు, సరే.
ఆ ఏడవకపోవడం హాయిగా ఉందని
చెప్పడానికి ఎవడున్నాడు?
ఖాళీ పళ్ళేన్ని తూచాలన్నా
తక్కెడంటూ ఒకటి ఉండొద్దా?

బాగానే అడిగింది.
అయినా నాకో అనుమానం,
తక్కెడ తన బరువు తాను
ఎప్పుడు చూసుకుంది గనక?

మూడోది ఏమీ తూచలేదు.
"నన్ను ఒకసారి ఆపండి.
ఆపాక అడగండి.
అప్పుడు నేనిచ్చేదే సరైన జవాబు"
అని రాసి ఊరుకుంది.

ఊరుకోవడం అంటే ఊరికే కాదు.
వంద బీరువాల వరస ఒక్కసారిగా నిమ్మళించింది.
పక్కవాళ్ళ గురక ఆగితే మెలకువొచ్చినట్టు
హిల్క్కా తలెత్తింది.
తెరమీద ఎర్రగీత ఒక డిగ్రీ దిగింది.

రెండుంబావుకి ఫోను.
బేకరీ ఓయ్వా. మూడింటికల్లా రై పిండి కలపాలి,
ఒక్క డిగ్రీకే ఫోను చేసే మనిషి.
"నీళ్ళు చల్లబడ్డాయేం?"
"ఇక్కడొకటి ఆలోచన మానేసింది."
"దేన్ని గురించి?"
"ఉండాలా వద్దా అని."
కాసేపు అవతల నీళ్ళ చప్పుడు.
"త్వరగా తేల్చమను హిల్క్కా,
తలమీద సబ్బుంది."

ఆమె నవ్వలేదు.
గాజుమూత కింద ఎర్రమీట వైపు చూసింది.
నొక్కే అధికారం తనకి లేదు,
ఉన్నవాళ్ళు నిద్రపోతున్నారు,
అంటే వాళ్ళూ పొద్దుటిదాకా లేనట్టే.

ఆపాక అడగడం ఆమెకి కొత్తేం కాదు.
టాపియో ఆగిపోయిన మర్నాడు
రెండు కప్పుల్లో కాఫీ పోసి అడిగింది,
ఎలా ఉంది అక్కడ, మేలేనా అని.
ఒక కప్పు ఖాళీ అయింది.
రెండోది చల్లారింది.
కప్పు చల్లారడానికి పట్టిన సేపు మాత్రం
ఆ గదిలో ఏదో ఉంది.

అవతల ఓయ్వా ఏదో అని ఫోను పెట్టేశాడు.
ఆ మాట నాకు తెలీదు.
నేను ఇది రాస్తున్న భాషలో అయితే
"ఉంటాను" అనేవాడు.
వెళ్ళిపోతూ అనే మాట అది.
ఎన్ని వేలసార్లు అన్నానో,
ఒక్కసారీ తూచలేదు.

రిజిస్టరులో హిల్క్కా రాసింది:
2.15. ఒక డిగ్రీ తగ్గింది. కారణం తెలియదు.
2.31. మళ్ళీ పెరిగింది. కారణం

అక్కడ కలం ఎత్తేసింది.
ఫ్యాన్లు రొద పెడుతున్నాయి.
పొద్దున రొట్టెలు వేళకే వచ్చాయి,
ఒక పక్క కొంచెం మాడి.