నీడకు నాలుగు గళ్లు

విల్యాందిలో మూడున్నరకే చీకటి.
జనవరి. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పేరింది.
వంటింటి బల్ల మీది రొట్టె పొడిని అరచేత్తో తుడిచేసి
గళ్ల కాగితం పరిచాను.
గడికి అర మీటరు. పెన్సిలు. రబ్బరు.
ఇరవై ఏడేళ్లు రైల్వే గోదాములో తూకాలు రాసిన చెయ్యి,
గీత వంకరపోతే దానికి నిద్రపట్టదు.

కాగితం మీద కలుపు మొలవదు.
నత్తలు రావు. మే నెలాఖరు మంచు
దోసపాదుల్ని రాత్రికి రాత్రి నల్లగా ఉడకబెట్టదు.
కాగితం మీద నేను ఏటేటా గొప్ప రైతునే.

పోయినేడు క్యాబేజీ ఉన్నచోట ఈ ఏడు బఠాణీ.
బఠాణీ చోటుకి క్యారెట్టు, దాని పక్కనే ఉల్లి,
ఒకదాని వాసనకి ఇంకోదాని ఈగ దారి తప్పుతుందని.
బీట్‌రూట్ ఎక్కడైనా సర్దుకుంటుంది, మా పిన్ని లీందా లాగా.
సోయికూరకి గడి ఇవ్వను.
ఇచ్చినా ఉండదు, దానికి నచ్చినచోటే లేస్తుంది.

ఆఖర్న, దక్షిణపు కంచె వెంట,
పెన్సిలు పక్కకి వాల్చి మెత్తగా రుద్దుతాను:
ఎందెల్ చిక్కుడు పందిరి నీడ.
పద్దెనిమిదేళ్లుగా రుద్దుతున్నాను.
పందిరి అతనిది, నీడ నాది.
మొదటి మూడేళ్లు దాని గురించే పోట్లాడుకున్నాం.
రెండడుగులు వెనక్కి జరపమని తోటల సంఘానికి అర్జీ పెట్టాను.
ఒక్క అడుగు జరిపాడు.
ఆ తర్వాత పోట్లాట మాని కొలవడం మొదలుపెట్టాను:
జూన్‌లో రెండు గళ్లు, ఆగస్టులో నాలుగు.

ఈ ఏడు ఎంత ఎత్తు కడతాడో అడుగుదామని
కాగితం చుట్టచుట్టి కోటులో దోపుకుని
ఇసుక చల్లిన కాలిబాట మీద బాతులా నడుచుకుంటూ వెళ్లాను.
శీతాకాలం మేం కలుసుకోం.
మధ్యన కంచె లేకపోతే
ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలీదు.

అతని వంటింట్లో, రేడియేటరు మీద,
తడిగుడ్డలో పది చిక్కుడు గింజలు.
"ఎన్ని లేచాయి?"
"నాలుగు."
ఆరేళ్ల నాటివి మరి. పదికి నాలుగంటే
గుంటకి రెండు చాలవు, ఐదేసి వెయ్యాలి,
నోటిలెక్క పైకే చెప్పేశాను.
"అయితే నువ్వే వెయ్యి" అన్నాడు.
రెండో మోకాలు కూడా మార్చాలట, ఏప్రిల్లో.
ఈ ఏడు తోట లేదు. వచ్చే ఏటి సంగతి
వచ్చే ఏడు చూద్దామన్నాడు,
టీలో చక్కెర తిప్పుతూ,
వెయ్యని చక్కెరని.

ఇంటికొచ్చి రబ్బరు అందుకున్నాను.
నీడ పోయింది. దక్షిణపు గళ్లన్నీ తెల్లగా,
పొద్దస్తమానం ఎండ.
అర్జీలో నేనడిగింది ఇదే కదా.
టమాటా పెట్టనా? మిరపా?
పెన్సిలు చివర కొరుకుతూ కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది సలాడు ఆకు.
అందరి మళ్లలో జూలై రాకుండానే పువ్వెత్తి చేదెక్కేది
నా మడిలో ఆగస్టు దాకా లేతగా ఉండేది.
నా చేతి చలవ అని చెప్పుకున్నాను.
సంఘం విందులో రెండుసార్లు చప్పట్లు కూడా పుచ్చుకున్నాను,
అతను కూడా కొట్టాడు,
ఏమీ అనకుండా.

కంచెకి ఇవతల, నా నేలలోనే, అడుగు లోపలికి
ఎనిమిది గుంటలు గీశాను.
గుంటకి ఐదు, మొత్తం నలభై.
అతనిచ్చిన సంచిలో యాభై మూడున్నాయి.
పెన్సిలు పక్కకి వాల్చి
మళ్లీ మెత్తగా రుద్దాను,
జూన్‌లో రెండు గళ్లు, ఆగస్టులో...

ఆగాను.
పందిరి ఎత్తెంతో అడగనే లేదు.
గుంజలు కూడా అతని షెడ్డులోనే ఉన్నాయి.
రేపు మళ్లీ వెళ్లాలి,
కాస్త చక్కెర పట్టుకుని.